రెండు దిక్కుల స్లాబు: దాని లెక్కల చరిత్ర

విశాఖపట్టణములో కైలాసగిరి మీద నిలిచి క్రిందికి చూచువారికి ఒక ప్రక్క సముద్రము, మరియొక ప్రక్క చదునైన ఇంటికప్పులు కనుపించును. 1933లో ఓడరేవు తెరచిరి. 1941లో నౌకా నిర్మాణశాలకు పునాది పడినది. 1957లో చమురు శుద్ధి కర్మాగారము పని మొదలు పెట్టినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. ఇన్నిటి వలన పట్టణము ఎంత పెరిగినదో ఆ కప్పులే చెప్పుచున్నవి. వానిలో ఎక్కువ భాగము కాంక్రీటు స్లాబులే. నాలుగైదు అంగుళముల మందము గల ఈ పలక గది నడుమ ఏ ఆధారము లేకుండ నిలిచి, తన బరువును, తనపై తిరుగు మనుష్యుల బరువును మోయుచున్నది.

గదికి నాలుగు ప్రక్కల గోడలున్నవి. కప్పు నడుమ ఒక మనుష్యుడు నిలిచినచో అతని బరువు ఏ గోడకు ఎంత పోవును? ప్రశ్న చిన్నదే. కాని దానికి సరియైన సమాధానము చెప్పుటకు గణితజ్ఞులకు, ఇంజనీర్లకు నూరేండ్లకు పైగా పట్టినది. ఈ లెక్క తప్పినచో ఫలితము రెండు విధములుగా ఉండును: ఒకటి ఉక్కు వృథా అగుట, రెండవది కప్పు పగులుట లేక కూలుట. అందుచేత ఈ చరిత్ర పుస్తకములలోని చరిత్ర మాత్రమే కాదు. ప్రతి ఇంటి నెత్తిమీద ఉన్న చరిత్ర.

దంతెల మిద్దె

స్లాబు రాక పూర్వము కోస్తా ఆంధ్రలో చదును కప్పు అనగా మిద్దె. మద్రాసు రాజధానిలో ప్రభుత్వ భవనములకును, కలవారి ఇండ్లకును వేసిన ఒక పద్ధతికి మద్రాసు టెర్రాసు అని పేరు. గోడనుండి గోడకు దూలములు వేసి, వానిపై అడ్డముగా టేకు దంతెలు పరచెడివారు. దంతెల మీద పలుచని చిన్న ఇటుకలను అంచుపై నిలబెట్టి, సున్నముతో ఐమూలగా పేర్చెడివారు. ఆపైన ఇటుక ముక్కలు, సున్నము కలిపిన కాంక్రీటు వేసి, దిమ్మిసతో కొట్టి, గచ్చు చేసి, పలుచని బిళ్ళలు పరచెడివారు.

ఈ మిద్దెలో బరువు నడచు త్రోవ స్పష్టముగా కనుపించును. కప్పు బరువు మొత్తము దంతెలపై పడును. దంతెలు ఆ మొత్తమును ఒక దిక్కుగా మోసి దూలములకు అప్పగించును. దూలములు అదే మొత్తమును రెండవ దిక్కుగా మోసి గోడలకు అప్పగించును. దంతెకు ఒక లెక్క, దూలమునకు ఒక లెక్క. దేనినీ మరియొకదానితో కలుపవలసిన పని లేదు. వడ్రంగికి ఈ లెక్క అనుభవముచేతనే తెలియును. ఈ త్రోవను జ్ఞాపకముంచుకొనవలెను. దీని అవసరము మరల కలుగును.

కాంక్రీటుతో ఇనుము కలిసినది

కాంక్రీటు నొక్కుడునకు గట్టిది, లాగుడునకు బలహీనము. దాని లాగుడు బలము నొక్కుడు బలములో సుమారు పదవ వంతు మాత్రమే. పలక క్రిందికి వంగినపుడు పై భాగము నొక్కుకొనును, అడుగు భాగము సాగును. సాగు చోట ఇనుప చువ్వలు పెట్టినచో ఆ లోపము తీరును. ఫ్రాన్సులో తోటపని చేయు జోసెఫ్ మోనియే 1867లో ఇనుప తీగల అల్లిక గల పూలతొట్లకు పేటెంటు పొందెను. అదే దేశస్థుడు ఫ్రాంస్వా అన్నెబిక్ 1892లో స్తంభము, దూలము, స్లాబు మూటిని ఏకముగా పోత పోయు పద్ధతికి పేటెంటు తీసికొనెను. అప్పటినుండి స్లాబు ప్రపంచమంతట వ్యాపించినది.

కాని ఈ క్రొత్త పలకలో దంతెలు లేవు, దూలములు లేవు. చువ్వలు రెండు దిక్కులకు అడ్డదిడ్డముగా పరచబడి, అంతయు ఒకే రాయివలె గట్టిపడును. ఇపుడు ఏ దిక్కు ఎంత మోయును?

వెదురు బద్దల లెక్క

దీనికి మొదటి సమాధానము స్కాట్లండు దేశీయుడైన రాంకిన్, జర్మనీ దేశీయుడైన గ్రాషోఫ్ అను 19వ శతాబ్దపు ఇద్దరు ఆచార్యుల పేర్లతో ప్రసిద్ధి చెందినది. దానిని ఇట్లు గ్రహింపవచ్చును. స్లాబునకు బదులు గదిపై వెదురు బద్దలను నిలువుగా కొన్ని, అడ్డముగా కొన్ని పరచినట్లు భావింపుడు. సరిగా నడుమ ఒక నిలువు బద్ద, ఒక అడ్డు బద్ద ఒకదానిపై ఒకటి ఉన్నవి. బరువు పడినపుడు ఆ రెండును ఆ చోట ఒకే మేర క్రుంగవలెను. ఇదియే ఈ లెక్కకు ఆధారము.

సమముగా పరచిన బరువు క్రింద బద్ద క్రుంగుట దాని పొడవు యొక్క నాలుగవ ఘాతమును బట్టి పెరుగును. పొడవు రెట్టింపైనచో అదే బరువునకు క్రుంగుట పదునారు రెట్లగును. కనుక 3 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు గల గదిలో రెండు బద్దలు సమముగా క్రుంగవలెననినచో, పొట్టి బద్ద పదునారు పాళ్ళు, పొడుగు బద్ద ఒక పాలు మోయవలెను. అనగా బరువులో 17కు 16 వంతులు పొట్టి దిక్కునకే పోవును. గది పొడవు వెడల్పునకు రెట్టింపు మించినచో స్లాబును ఒక దిక్కు స్లాబుగానే లెక్కించుటకు కారణమిదే.

చదరపు గదిలో రెండు దిక్కులు చెరి సగము మోయును. ఒక ఉదాహరణము తీసికొందము. గది 4 మీటర్ల చదరము. స్లాబు బరువు, దానిపై బరువు కలిపి చదరపు మీటరునకు 600 కిలోలనుకొందము. మీటరు వెడల్పు గల పట్టీని వంచు శక్తిని వంపు భ్రామకమందురు. బరువును పొడవు యొక్క వర్గముచే గుణించినచో 600 × 4 × 4 = 9600 వచ్చును. స్లాబు ఒకే దిక్కున రెండు గోడలపై ఆనినచో ఈ 9600ను 8చే భాగింపవలెను. భ్రామకము 1200 కిలోగ్రాము-మీటర్లు. రెండు దిక్కులు చెరి సగము మోసినచో 16చే భాగింపవలెను, భ్రామకము 600. చువ్వల పరిమాణము ఈ సంఖ్యను బట్టియే నిర్ణయమగును. రెండు దిక్కుల స్లాబు లెక్కల చరిత్ర అంతయు ఒక విధముగా ఈ 9600ను ఎంతచే భాగింపవలెనను ప్రశ్నకు చరిత్రయే.

ఇసుక గీసిన చిత్రములు

స్లాబు వెదురు బద్దల గుంపు కాదని గణితజ్ఞులకు అంతకు చాల ముందే తెలియును. జర్మనీలో క్లాడ్ని అను పండితుడు పలుచని లోహపు పలకపై ఇసుక చల్లి, అంచును ఫిడేలు కమానుతో రాచి, ఇసుక రకరకముల చిత్రములుగా ఏర్పడుటను 1787లో ప్రకటించెను. 1809లో నెపోలియన్ ఆ ప్రదర్శనము చూచి ఆశ్చర్యపడగా, పలక కంపించు సూత్రమును కనుగొన్నవారికి పారిస్‌లోని శాస్త్ర పరిషత్తు బహుమానము ప్రకటించెను. స్త్రీ యగుటచే కళాశాలలో ప్రవేశము దొరకక, ఇతరుల పాఠముల ప్రతులు తెప్పించుకొని గణితము నేర్చిన సోఫీ జెర్మేన్ మూడు పర్యాయములు ప్రయత్నించి 1816లో ఆ బహుమానము గెలిచెను. ఆమె వ్యాసములోని లోపమును లాగ్రాంజ్ సరిదిద్దెను. 1820లో నావియే అను ఫ్రెంచి ఇంజనీరు నాలుగంచులు ఆనిన దీర్ఘచతురస్రపు పలకకు ఆ సమీకరణమును సాధించి చూపెను.

పలకలో వంపు ఒక్కటే కాదు, మెలి కూడ ఉన్నదని ఈ సమీకరణము చెప్పును. ప్రక్కప్రక్క బద్దలు రెండు వేరు వేరు వాలులలో వంగును. వెదురు బద్దలైనచో ఒకదానిపై ఒకటి జారి ఊరకుండును. స్లాబులో అవి అతుకబడి యున్నందున ఒకదానినొకటి మెలిపెట్టును. ఆ మెలి, అనగా విమోటనము, బరువులో కొంత మోయును. పలక ఒక వైపు నొక్కుకొనినపుడు ప్రక్కకు ఉబ్బు గుణమును వదలి లెక్కించినచో, మన గది నడుమ భ్రామకము 353 మాత్రమే. అనగా 9600ను సుమారు 27చే భాగింపవలెను. వెదురు బద్దల లెక్క చెప్పిన 600తో పోల్చిన ఇది ఎంతో తక్కువ.

ఈ లాభము ఊరక రాలేదు. మెలి మిక్కిలి ఎక్కువగా ఉండు చోటు స్లాబు మూల. అక్కడి మెలి నడిమి వంపుతో పోల్చదగినంత పెద్దది. అంతేకాదు, నడుమ బరువు పెరిగిన కొలది మూలలు పైకి లేవ చూచును. వానిని లేవకుండ పట్టుటకు మన ఉదాహరణములో ఒక్కొక్క మూల దాదాపు 890 కిలోల బరువుతో అణచవలెను. అది మొత్తము బరువులో సుమారు పదకొండవ వంతు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. మూతలేని చదరపు పెట్టె అంచులపై సరిపోవు పలుచని ప్లాస్టిక్ పలకను పెట్టి, నడుమ వ్రేలితో నొక్కుడు. నాలుగు మూలలు లేచును. ఇంటి గోడలపై ఆనిన స్లాబు మూలలలో ఐమూల పగుళ్ళు కనుపించుటకు ఒక ముఖ్య కారణము ఇదియే.

నావియే సాధన అనంతమైన త్రికోణమితి శ్రేణులతో కూడినది. కట్టుబడి కార్యాలయములో కూర్చున్నవానికి అది పనికిరాదు. జర్మనీలో హెన్రీ మార్కస్ 1920 తరువాతి దశకములో దీనికొక సుళువు కనిపెట్టెను. ముందు వెదురు బద్దల లెక్క వేసి, తరువాత మెలికి తగిన తగ్గింపు చేయుమనెను. చదరపు గదికి ఆ తగ్గింపు 12కు 5 వంతులు. మిగులునది 12కు 7 వంతులు. 600లో 12కు 7 వంతులు 350. నావియే శ్రేణి ఇచ్చు 353కు ఇది ఎంత దగ్గరయో చూడుడు. గుణకారము, భాగహారము మాత్రమే తెలిసినవానికి గూడ అందుబాటైనందున మార్కస్ పద్ధతి భారతదేశపు ఇంజనీర్లలో చాల కాలము వాడుకలో నుండెను.

పుట్టగొడుగు కప్పులు

ఇంతవరకు చెప్పినది గోడలపైనో, నాలుగు దూలములపైనో ఆనిన స్లాబు సంగతి. ఇంతలో అమెరికాలో దూలములే లేని స్లాబు పుట్టినది. 1906లో మినియాపొలిస్ నగరములో టర్నర్ అను ఇంజనీరు స్తంభముల తలలను పుట్టగొడుగువలె విప్పార్చి, వానిపై నేరుగా స్లాబు నిలిపెను. స్విట్జర్లండులో రాబర్ట్ మాయ్యార్ 1908లో తన పరీక్షలు జరిపి, 1910లో జూరిచ్‌లో అటువంటి గిడ్డంగిని కట్టెను. దూలములు లేనందున అంతస్తు ఎత్తు తగ్గును, వెలుతురు బాగుగా వచ్చును, పోతపని సులభమగును. గిడ్డంగులకు, కర్మాగారములకు ఇది మిక్కిలి అనుకూలమైనది.

కాని లెక్క ఎవరికిని తెలియదు. ఒకే కప్పునకు వేరు వేరు ఇంజనీర్లు తమ తమ పద్ధతులలో లెక్కించిన ఉక్కు 1910 నాటికి నాలుగు రెట్ల వరకు భేదించుచుండెను. కట్టిన కప్పులపై ఇసుక మూటలు పేర్చి పరీక్షించినపుడు చువ్వలలో ఒత్తిడి చాల తక్కువగా కనుపించెను. దానిని చూచి, ఈ స్లాబులో మామూలు సూత్రములకు లొంగని గుణమేదో కలదని కొందరు నమ్మిరి.

1914లో జాన్ నికల్స్ అను ఇంజనీరు ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. అందులో పలకల సమీకరణము లేదు, శ్రేణులు లేవు. ఉన్నత పాఠశాల విద్యార్థికి గూడ తెలిసిన సమతాస్థితి నియమము మాత్రమే కలదు. ఒక గడిని నడుమకు కోసి సగము భాగమును చూడుడు. దానిపై ఉన్న బరువు క్రిందికి లాగును. స్తంభములు పైకి నెట్టును. ఈ రెండును ఒకే గీతపై లేవు గనుక సగమును త్రిప్ప చూచును. ఆ త్రిప్పుటను ఆపవలసినవి గడి నడిమి భ్రామకము, స్తంభముల వద్ద భ్రామకము మాత్రమే. ఆ రెంటి మొత్తము గడి బరువును పొడవుచే గుణించి 8చే భాగించిన దానికి సరిపోవలెను. స్తంభపు తల వెడల్పును బట్టి కొంత తగ్గును.

స్తంభములు 6 మీటర్ల దూరమున ఉండి, బరువు చదరపు మీటరునకు ఒక టన్ను అయినచో, గడి బరువు 36 టన్నులు. స్తంభములను బిందువులుగా భావించినచో భ్రామకము 36 × 6 ÷ 8 = 27 టన్ను-మీటర్లు. ఇది ఒక దిక్కునకు. రెండవ దిక్కునకు మరల 27. ఇందులో సగము పంచుకొనుట లేదు.

టర్నర్ మొదలగువారు నికల్స్ మీద మండిపడిరి. బరువు ఒకటే గదా, రెండు దిక్కులకు రెండు మార్లు మొత్తము లెక్కించుట ఏమి న్యాయమనిరి. మన దంతెల మిద్దెను తలచుకొన్నచో దీనికి సమాధానము దొరకును. దంతెలు మొత్తము బరువును ఒక దిక్కుగా మోసినవి. దూలములు అదే మొత్తమును రెండవ దిక్కుగా మోసినవి. బరువు స్తంభము వరకు చేరవలెననినచో రెండు దిక్కులకు పూర్తిగా నడువవలసినదే. గోడలున్న గదిలో చెరి సగము సరిపోవుటకు కారణము, మిగిలిన నడకను గోడ తీసికొనుటయే. దూలములు కంటికి కనుపించక స్లాబులో కలిసిపోయినంత మాత్రమున వాని పని మాయము కాదు.

మరి పరీక్షలలో ఒత్తిడి తక్కువగా ఎందుకు కనుపించెను? పగుళ్ళు రానంత వరకు కాంక్రీటు కూడ కొంత లాగుడును భరించును. కొన్ని గడులపైననే బరువు పెట్టినపుడు చుట్టునున్న గడులు సాయపడును. చువ్వలలో కొలచిన ఒత్తిడి మొత్తము కథను చెప్పలేదు.

నికల్స్ న్యాయము రుజువైనను, నిబంధనలు దానిని వెంటనే ఒప్పుకొనలేదు. కప్పులు కూలకుండ నిలుచుచున్నవి గదా అను వాదము బలముగా నుండెను. 1921లో వెస్టర్‌గార్డ్, స్లేటర్ అను ఇద్దరు సిద్ధాంతమును, పరీక్షలను సమన్వయించి పెద్ద వ్యాసము ప్రకటించిన తరువాత గూడ అమెరికా నిబంధన 8చే భాగించుటకు బదులు 0.09చే గుణింపుమనెను. అనగా సమతాస్థితి కోరినదానిలో నూటికి 72 పాళ్ళు మాత్రమే. ఇలినాయ్ విశ్వవిద్యాలయములో తొమ్మిది గడుల నమూనాలపై పరీక్షలు జరిగిన మీదట, 1971లో గాని ఆ నిబంధన పూర్తి భ్రామకమును అంగీకరింపలేదు. ఒక హైస్కూలు స్థాయి న్యాయము నిబంధనల పుస్తకములోనికి ప్రవేశించుటకు 57 ఏండ్లు పట్టినది.

విరుగు గీతలు

డెన్మార్కు దేశపు ఇంజనీర్లు ప్రశ్ననే మార్చిరి. స్లాబు మామూలుగా ఎట్లు వంగునని గాక, చివరకు ఎట్లు విరుగునని అడిగిరి. ఇంగర్స్‌లెవ్ 1920 తరువాత దీనికి దారి తీసెను. జొహాన్సెన్ 1943లో పూర్తి సిద్ధాంతముగా రూపొందించెను. బరువు మిక్కిలి పెరిగినపుడు చువ్వలు సాగనారంభించి, స్లాబుపై కొన్ని గీతల వెంట పగుళ్ళు విచ్చును. చదరపు గదిలో ఆ గీతలు రెండు కర్ణములు. నాలుగు త్రిభుజములు నాలుగు గోడల అంచులపై కీలుతలుపులవలె తిరిగి, నడుమ భాగము దిగును.

ఈ సిద్ధాంతపు సొగసు దాని సరళతలో ఉన్నది. నడుమ భాగము ఒక మీటరు దిగినదనుకొందము. స్లాబు మొదటి తలమునకు, దిగిన తలములకు నడుమ ఏర్పడునది తలక్రిందులైన పిరమిడ్. దాని ఘనపరిమాణము భూమి వైశాల్యమును ఎత్తుచే గుణించి 3చే భాగించినది. బరువు చేసిన పని దీనినిబట్టి తెలియును: 9600 ÷ 3 = 3200. ఇక చువ్వలు చేసిన పని. ఒక్కొక్క త్రిభుజము 2 మీటర్ల దూరమున ఒక మీటరు దిగినందున అది తిరిగిన కోణము సగము రేడియను. గోడ పొడవు 4 మీటర్లు. కనుక ఒక్కొక్క త్రిభుజమునకు పని భ్రామకమునకు 2 రెట్లు; నాలుగింటికి 8 రెట్లు. 3200ను 8చే భాగించిన 400 వచ్చును. అనగా 9600ను 24చే భాగించినట్లు. మూలలు లేచుటకు వీలున్నచో పగుళ్ళు మూల వద్ద చీలి, భాజకము 24 నుండి 22 వరకు తగ్గును.

ఈ పద్ధతికి ఒక ప్రమాదము కూడ కలదు. విరుగు గీతలను తప్పుగా ఊహించినచో స్లాబు ఉన్నదానికంటె బలమైనదని లెక్క చెప్పును. 1956లో స్వీడన్ దేశీయుడు హిల్లెర్‌బోర్గ్ దీనికి ఎదురు దారి చూపెను. మెలిని పూర్తిగా విడిచి, బరువును రెండు దిక్కులకు ఇంజనీరే తనకు తోచినట్లు పంచవచ్చును. అయితే పంచిన మొత్తము అసలు బరువునకు సరిపోవలెను, ఏ దిక్కున ఎంత పంచెనో ఆ దిక్కున అంత ఉక్కు పెట్టవలెను. అట్లు చేసినచో, చువ్వలు తెగక సాగగల గుణము కలిగియున్నంత వరకు స్లాబు క్షేమము. మొరటు లెక్కయని పండితులు ప్రక్కకు నెట్టిన వెదురు బద్దల పద్ధతి ఈ విధముగా మరల గౌరవము పొందినది. అది ఉక్కును కొంత ఎక్కువ కోరును గాని, కప్పును కూలనీయదు.

మన నిబంధనలు

తెలుగువారిలో రీఇన్ఫోర్స్డ్ కాంక్రీటు విషయమున ముందుగా పేరు పొందినవారిలో కానూరి లక్ష్మణరావు గారొకరు. ఆయన 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున 1939లో డాక్టరేటు పొందెను. కాంక్రీటు లెక్కలు, రూపకల్పన, పరీక్షలు విషయముగా ఆయన ఆంగ్లములో వ్రాసిన గ్రంథము ఇంగ్లండులో ప్రచురితమైనది. తరువాత నాగార్జునసాగరము వంటి మహా నిర్మాణములతో ఆయన పేరు ముడిపడినది.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1953లో భారతీయ ప్రమాణముల సంస్థ కాంక్రీటునకు ఐ.ఎస్. 456 అను నిబంధన ప్రకటించెను. 1957, 1964, 1978, 2000 సంవత్సరములలో అది సవరింపబడినది. ఆ తొలినాళ్ళలో సిమెంటు, ఉక్కు ప్రభుత్వ నియంత్రణలో నుండి, పర్మిట్లపై దొరకెడివి. లెక్కలో ఒక వంతు తగ్గుట అనగా ఆ వంతు మరియొక ఇంటికి పోవుట. విశాఖలో ఉక్కు కర్మాగారము కావలెనని 1966లో తెలుగుదేశమంతట ఉద్యమము లేచినది. ఆ కర్మాగారము 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైనది. నేడు అచ్చట తయారగు వస్తువులలో స్లాబులలో వేయు చువ్వలు ముఖ్యమైనవి.

ఐ.ఎస్. 456 యొక్క 2000 సంవత్సరపు ప్రతిని విప్పి చూచినచో, పైన చెప్పిన చరిత్ర అంతయు రెండు పట్టికలలో ఇమిడి యుండును. మూలలు లేచుటకు వీలున్న స్లాబుల పట్టికలో చదరపు గదికి గుణకము 0.062. ఇది 16వ వంతు. అనగా వెదురు బద్దల లెక్క. పొడవు రెట్టింపైనచో పొట్టి దిక్కునకు 0.118, ఇది 8వ వంతులో 17కు 16 పాళ్ళు. మూలలను అణచి, అక్కడ చువ్వలు వేసిన స్లాబుల పట్టికలో, నాలుగు అంచులు తెగియున్న చదరపు గదికి గుణకము 0.056. ఈ చువ్వలను గది వెడల్పులో నడిమి 4కు 3 వంతులలో మాత్రమే వేయవలెనని నిబంధన. 0.056లో 4కు 3 వంతులు 0.042, అది 24వ వంతు. అనగా విరుగు గీతల లెక్క. విద్యార్థులు ఈ గుణకారములను తామే చేసి చూడవచ్చును. దూలములు లేని స్లాబులకు నికల్స్ చెప్పిన పూర్తి భ్రామకమును 1978 ప్రతియే స్వీకరించినది.

ఇంజనీర్లు ఇపుడు కంప్యూటరుపై స్లాబును వందల కొలది చిన్న గళ్ళుగా విభజించి లెక్కించుచున్నారు. 1956 తరువాత పెరిగిన ఈ పద్ధతి వంకర టింకర గదులకు, రంధ్రములున్న స్లాబులకు మిక్కిలి ఉపయోగము. కాని యంత్రము ఇచ్చిన అంకె సరియో కాదో చూచుటకు నేటికిని ఆ 8, 16, 24 అను భాజకములే అక్కరకు వచ్చును.

సముద్రపు గాలిలో

విశాఖ వంటి రేవు పట్టణములో ఈ లెక్కకు మరియొక ముఖ్య విషయము తోడగును. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోనికి దిగి చువ్వలను తుప్పు పట్టించును. తుప్పు ఉబ్బి, అడుగు పెచ్చులు రాలును. స్లాబులో చువ్వలు రెండు వరుసలు. పొట్టి దిక్కు చువ్వలు అడుగున, పొడుగు దిక్కువి వాని పైన వేయుదురు. ఎక్కువ బరువు మోయు చువ్వలకు ఎక్కువ లోతు దొరకవలెనని దీని ఉద్దేశ్యము. కనుక తుప్పు ముందుగా పట్టునది ఎక్కువ మోయు చువ్వలకే. అందుచేతనే తీరపు గాలికి బయలుపడు కాంక్రీటులో చువ్వల క్రింద 45 మిల్లీమీటర్ల కప్పుదల ఉండవలెనని 2000 నాటి నిబంధన చెప్పినది. మేస్త్రీ చువ్వల క్రింద పెట్టు చిన్న సిమెంటు బిళ్ళలు ఆ కప్పుదలను కాపాడును. అవి మరచినచో ఎంత మంచి లెక్కయైనను కొన్ని ఏండ్లలో వ్యర్థమగును.

అట్లే మూలల చువ్వలు. అణచిన మూలలలో, పొట్టి వెడల్పులో 5వ వంతు మేర, పైన ఒక జాలి, అడుగున ఒక జాలి వేయవలెను. వాని పరిమాణము నడిమి చువ్వలలో 4కు 3 వంతులు. కొందరు ఇది అనవసరపు ఖర్చని వదలివేయుదురు. కాని నడుమ 600కు బదులు 400 చాలునని లెక్క వేసినది ఈ మూలల నమ్మకము మీదనే. తగ్గింపును పుచ్చుకొని మూలను మరచుట సగము లెక్కయే చేయుట.

రాంకిన్ మొదలు హిల్లెర్‌బోర్గ్ వరకు జరిగిన కృషి వలన తేలినది ఇంతే. స్లాబు తన బరువును ఏ దిక్కున ఎంత మోయవలెనో నిర్ణయించుటలో ఇంజనీరుకు కొంత స్వేచ్ఛ కలదు. మొత్తము ఎంత మోయవలెనన్న దానిలో మాత్రము ఆ స్వేచ్ఛ ఎవరికిని లేదు. దంతెల మిద్దె కట్టిన వడ్రంగి దీనిని చేతితో ఎరుగును. నికల్స్ కాగితము మీద నిరూపించెను. స్లాబు వేయు ప్రతివాడును పాటింపవలసినది ఆ ఒక్క నియమమునే.